బస్సు డ్రైవరు పిల్లలతో మాచర్ల రైల్లో

నరసరావుపేట నుంచి మాచర్ల పోయి రావటం కూడా ఒక యాత్రేనా, దాన్ని కూర్చుని రాయాలా అని మీరు నవ్వుకోవచ్చు. కాశీ రామేశ్వరాలు పోయొచ్చినవాళ్ళు రాసుకున్నారు, ఓడెక్కి సీమకి పోయొచ్చినవాళ్ళూ రాసుకున్నారు. వాళ్ళెవరూ ఆరేళ్ళ పిల్లనీ నాలుగేళ్ళ పిల్లవాణ్ణీ వెంటబెట్టుకుని పోలేదు. నేను పోయాను. నడుం పట్టేసి, కంట్లో బొగ్గునలుసు వేయించుకుని తిరిగొచ్చాను కాబట్టి రాసే హక్కు నాకూ ఉంది.

ముందు నా సంగతి. నేను మిషన్ బడిలో చిన్న తరగతి పంతులమ్మని. మా నాన్న రైలు కట్టమీద పట్టాలు బాగుచేసే కూలీల గాంగుమేస్త్రి. పట్టాల పక్క ఇంట్లో పుట్టి, బండి చప్పుడుకి నిద్రపోయి, బండి రాకపోతే మేలుకున్నదాన్ని. నాకు రైలంటే పిచ్చి. ఆ పిచ్చి నా భర్తకీ అంటించాను. ఆయన లెక్కల పంతులు. మొదట్లో నా పోరు పడలేక వచ్చేవారు, తర్వాత్తర్వాత నాకంటే ముందే చెప్పులు తొడుక్కునేవారు. సాయంత్రమైతే ఇద్దరం స్టేషనుకు పోయి, బెంచీమీద కూర్చుని, గుంతకల్లు బండిని చూసి ఇంటికొచ్చేవాళ్ళం. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇప్పుడూ బండి వస్తుంది, పోతుంది. "చూశారా, ఇవాళ ఇంజను మారింది" అని చెబుదామంటే పక్కన మనిషి ఉండడు. నాకు పక్కన కూర్చునే మనిషి కావాలి. ఉన్న ఇద్దరు మనవల్లో ఒకళ్ళనైనా నా వైపు తిప్పుకోవాలని ఈ ప్రయాణం పెట్టాను.

చిక్కేమిటంటే, వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. నా అల్లుడు యాకోబు నరసరావుపేటకీ చిలకలూరిపేటకీ మధ్య బస్సు తోలతాడు. యుద్ధం ముగిసినా పెట్రోలు ఇంకా సరిగ్గా దొరకటం లేదు కాబట్టి బొగ్గు గ్యాసుతో నడవటానికి ఆ బస్సు వెనకాల బొగ్గుల పొయ్యి ఒకటి బిగించి ఉంటుంది. పొద్దున్నే దాన్ని రాజేసి, పంకా తిప్పి, ఒళ్ళంతా మసి చేసుకుని బయల్దేరతాడు. మెరక వస్తే జనం దిగి తొయ్యాలి. అయినా పిల్లలకి ఆ బస్సంటే ప్రాణం. పిల్ల పేరు గ్రేసు, పిల్లవాడి పేరు దావీదు. దావీదు అన్నం ముద్ద మింగాలంటే ముందు మనం "పాం పాం" అనాలి.

క్రిస్మస్ సెలవుల్లో మాచర్ల పోదామనగానే యాకోబు పళ్ళికిలించాడు.

"మాచర్ల పడమటుంటే మీరు తూర్పుకి పోతారేంది అత్తా? నల్లపాడు పోయి, బండి మారి, మళ్ళా ఎనక్కి రావాల్నా?"

"పట్టాలు అట్టా వేశారు," అన్నాను.

"అదే నేను చెప్పేది. నా బస్సుకి పట్టాల్లేవు. నా ఇష్టమొచ్చిన కాడికి తోల్తా."

"నీ బస్సు దాని ఇష్టమొచ్చిన కాడ ఆగుద్ది గూడా," అంది మా అమ్మాయి ఎస్తేరు వంటింట్లోంచి.

బయల్దేరేముందు పిల్లలిద్దర్నీ దగ్గరికి పిలిచి యాకోబు గట్టిగా చెప్పాడు. "అమ్మమ్మ ఏం చూపిచ్చినా చూడండి. వచ్చినాక బస్సు గొప్పదా, రైలు గొప్పదా నాకు చెప్పాల. నిజం చెప్పాల." కోర్టులో సాక్షుల్లాగా ఇద్దరూ తలలూపారు.

నల్లపాడు

నల్లపాడు చేరేలోపే నా పరువు పోయింది.

బండి కదిలిన కాసేపటికి గ్రేసు "దీని హారనేది?" అంది. కూత ఉంటుంది, విను అన్నాను. విన్నది. "ఇది హారను కాదు, ఏడుపు," అని తేల్చేసింది. దావీదు ఊరికే అటూ ఇటూ చూస్తున్నాడు. వాళ్ళ నాన్న బస్సులో వాడి చోటు డ్రైవరు పక్కన. ఈ పెట్టెలో ఆ చివర్నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచి చూశాడు. స్టీరింగు లేదు, డ్రైవరు లేడు. పెద్దగా కేక పెట్టాడు.

"తోలేవాళ్ళు లేరు! అమ్మమ్మా, దిగుదాం! తోలేవాళ్ళు లేరు!"

పెట్టెలో సగంమంది నవ్వారు. మిగతా సగంలో ఒక ముసలమ్మ మాత్రం నిజంగానే లేచి కిటికీ దగ్గరికి పోయింది. డ్రైవరు ముందు ఇంజనులో ఉంటాడురా అని చూపించటానికి, మలుపు దగ్గర కిటికీలోంచి తల బయటపెట్టి "అదుగో" అన్నాను. బొగ్గునలుసు సూటిగా వచ్చి నా కంట్లో పడింది. ఇందాకటి ముసలమ్మే చీరె కొంగు ఉండచుట్టి, నోటితో ఆవిరి ఊది, నా కంటికి ఒత్తింది. గ్రేసు పక్కన నిలబడి చూసి, "బస్సులో ఇయ్యి పడవు," అంది.

నల్లపాడులో బండి మారేటప్పుడు పంతం పట్టి ఇద్దర్నీ ఇంజను దాకా లాక్కుపోయాను. డ్రైవరు కిందికి వంగి పలకరించబోయాడు. అదే సమయానికి ఇంజను పక్కనుంచి ఆవిరి బుస్సుమంది. దావీదు నా కుచ్చిళ్ళలో దూరి బయటికి రానన్నాడు. గ్రేసు మాత్రం డ్రైవరు మొహం పరీక్షగా చూసి, "మా నాన్న కంటే ఎక్కువ మసి," అంది. ఆరోజుకు రైలుకి పడిన మెప్పు అదొక్కటే.

పిడుగురాళ్ళ

సత్తెనపల్లిలో అర్ధణాకి నాలుగు జామకాయలు. మా ఊళ్ళో మూడే ఇస్తారు. ఆ సంగతి నేను చెబుతుంటే వినకుండా పిల్లలు కాయలు తినేశారు.

పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల మనుషులు ఎక్కారు. ఊరు ఊరంతా కోడిగుడ్డు పెంకు రంగులో ఉంటుంది. చెట్ల ఆకులు తెల్లన, మేకలు తెల్లన. మా ఎదుట కూర్చున్నామెకు కనుబొమలూ రెప్పలూ కూడా తెల్లగా ఉన్నాయి.

"పిండిలో పడ్డావా?" అంది గ్రేసు. నేను చప్పున దాని నోరు మూశాను.

"పిండిలో పడితే తిననా తల్లీ? సున్నంలో పడ్డా," అని ఆమె పకపకా నవ్వింది. తర్వాత పెట్టెలో అందరికీ వినపడేట్టు, "ఆకులేసుకునేవోళ్ళుంటే రండయ్యా, నా చెయ్యి గీక్కోండి!" అంది. ఒకాయన నిజంగానే తమలపాకు తీశాడు. ఆమె మూటలోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తీసి పిల్లల ఒళ్ళో పోసింది. ఎంతిమ్మంటావమ్మా అని నేను సంచి విప్పబోతే, "చిన్నపిల్లల కాడ డబ్బులేంది? మీ ఊళ్ళో అట్టా తీసుకుంటారా?" అని నా మీద కళ్ళెర్రజేసింది. తీసుకుంటారు. ఆ మాట చెప్పలేదు.

గురజాల

ఆ రాత్రి మకాం గురజాలలో మా పినతల్లి కూతురు సంతోషమ్మ ఇంట్లో. అక్కడ గోడలకీ, కప్పుకీ, దొడ్డి చుట్టూ దడికీ అన్నిటికీ నాపరాళ్ళే. బట్టలుతికేది దానిమీదే, కూర్చోమని వేసేదీ అదే. మా ఊళ్ళో రేషను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటాం. ఇక్కడ రాళ్ళన్నీ ఇళ్ళకి వాడేసి హాయిగా జొన్నన్నం తింటున్నారు.

సంతోషమ్మ నన్ను గుమ్మంలోనే పట్టుకుని మెల్లగా అడిగింది. "నిజం చెప్పక్కా. పెళ్ళా, చావా, కోర్టా?"

"ఏదీ కాదు. పిల్లలకి రైలు చూపిద్దామని."

"రైలు మీ పేటలో లేదా?"

"ఉంది."

ఆమె నావంక జాలిగా చూసింది. నేను దాస్తున్నాననుకుంది. అన్నం పెడుతున్నంతసేపూ, "మీ అమ్మా నాన్నా బాగనే ఉండారా? కొట్టుకుంటన్నారా?" అని పిల్లల్ని ఆరా తీస్తూనే ఉంది. వాళ్ళు జవాబు చెప్పే స్థితిలో లేరు. "పిల్లకాయలొచ్చారని కారం తగ్గించా" అంటూ ఆమె వేసిన పండుమిరపకాయ పచ్చడి అప్పటికే వాళ్ళ నోట్లో ఉంది. దావీదు చెవులదాకా ఎర్రబడి ఉస్సు ఉస్సుమంటూ వాకిలంతా పరిగెత్తాడు.

"చూడు, అచ్చం ఇంజనులాగా ఉన్నావు," అన్నాను సందు దొరికిందని.

"నేను బస్సుని!" అని ఏడుస్తూ అరిచాడు.

పడుకునేముందు నాకు దిగులేసింది. ఒకరోజు గడిచిపోయింది. నేను చూపించినవన్నీ నాకే ఎదురు తిరిగాయి. ప్రేమ అనేది పలకమీద అక్షరాల్లాగా దిద్దిస్తే వచ్చేది కాదేమో అనిపించింది.

పేరు చెప్పని స్టేషను

మర్నాడు మాచర్ల బండిలో ఒక స్టేషను దగ్గర చాలాసేపు ఆగాం. దాని పేరు చెప్పను. అక్కడి స్టేషను మాస్టరుగారికి ఇంకా చాలా సర్వీసు మిగిలి ఉంది.

ఎదురుగా గూడ్సు రావాలట. ఒంటి పట్టాల దారి కనక, అది వచ్చి పక్కకి తప్పుకుంటేగాని మన బండి కదలదు. జనం దిగారు. నేనూ, సంతోషమ్మ కట్టిచ్చిన రొట్టెల బుట్టా, పిల్లలూ దిగి మిరపకాయల బస్తాల నీడన చేరాం. మా పక్కన కోటయ్య అనే రైతు కూర్చున్నాడు. మాచర్ల ఎడ్ల కోసం పోతున్నాడు. ఎడ్ల సంగతి ఆయన ఎత్తుకున్నాడు, రైలు సంగతి నేను ఎత్తుకున్నాను. ఒకరి మాట ఒకరం వినకుండా చక్కగా కబుర్లు చెప్పుకున్నాం. గూడ్సు వచ్చింది. పిల్లలు అక్కడక్కడే తిరుగుతున్నారు, నేను అంతగా పట్టించుకోలేదు.

కాసేపటికి గార్డు పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. ఇంజను ఒకసారి కూసింది. రెండోసారి కూసింది. బండి కదల్లేదు. పోర్టరు బెంచీ కింద చూస్తున్నాడు. మాస్టరుగారు టోపీ తీసి, పోర్టరును తిట్టి, మళ్ళీ టోపీ పెట్టుకున్నారు.

"ఏందమ్మా ఇది? ఎడ్లన్నీ అమ్ముడుబోతయ్యి," అన్నాడు కోటయ్య.

ఇటువంటి ప్రశ్న కోసం నేను రెండ్రోజులుగా కాచుకుని ఉన్నాను. చుట్టూ మరో నలుగురు చేరారు. బుట్టమీద సర్దుకుని కూర్చుని పాఠం మొదలుపెట్టాను. "రైలు ఊరికే ఆగదండీ. ఎదురొచ్చిన బండి డ్రైవరు ఒక ఇనప గుండు తెస్తాడు. తోలుసంచిలో పెట్టి, బెత్తపు చక్రానికి కట్టి ఉంటుంది. ఆ గుండు మాస్టరుగారి గదిలో యంత్రంలో వెయ్యాలి. అప్పుడు యంత్రం మన బండికి గుండిస్తుంది. ఆ గుండు చేతిలో లేనిదే మన డ్రైవరు అడుగు ముందుకెయ్యడు. ఎంతటివాడు చెప్పినా సరే. అది లేకపోతే రెండు బండ్లూ ఎదురెదురుగా వచ్చి గుద్దుకుంటాయి. మా నాన్నగారు చెప్పేవారు..."

"అయితే ఇప్పుడా గుండేదీ?" అన్నాడు కోటయ్య.

"ఎవరో బుద్ధిలేనివాళ్ళు ఎక్కడో పెట్టి ఉంటారు," అన్నాను.

అంతలో బస్తాల వెనకనుంచి బెత్తపు చక్రం ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. దాని వెనక వేపపుల్లతో దావీదు. "పాం పాం! పక్కకి! పక్కకి!" జనం నిజంగానే పక్కకి తప్పుకున్నారు. చక్రానికి సంచి లేదు.

పోర్టరు ఒక్క గంతులో చక్రాన్ని పట్టుకున్నాడు. "సంచేదిరా? ఒరేయ్, సంచేది?"

"బెంచీ మీద దొరికింది. సంచి ఉంటే సరిగ్గా దొర్లటంలా. ఊడదీశా," అన్నాడు దావీదు.

"తీసి ఏం జేశావ్?"

వాడు అక్కవైపు చూపించాడు. గ్రేసు మొహం తెల్లబోయి ఉంది. అప్పటిదాకా నా పక్కనే నిలబడి నా పాఠమంతా విన్నది అదొక్కతే. నా కొంగు పట్టుకుని చిన్న గొంతుతో, "అమ్మమ్మా, కాస్త లే," అంది. లేచాను. బుట్ట మూత తీసి, రొట్టెల కిందనుంచి తోలుసంచి బయటికి లాగింది.

"పోద్దేమోనని దాచా," అంది. "ఈ గుండేనా?"

కోటయ్య నవ్విన నవ్వు ఆ పక్కనున్న గూడ్సు డ్రైవరు దాకా వినపడి ఉంటుంది. "ఎవురో బుద్ధిలేనోళ్ళన్నావే పంతులమ్మా!" నేను భూమిలోకి దిగిపోతే బాగుండుననుకున్నాను. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. మాస్టరుగారు ఈ పిల్లని నాలుగు తిడితే ఇక జన్మలో రైలు మొహం చూడదు. నేను పెట్టుకున్న ఆశంతా ఈ ప్లాట్‌ఫారం మీదే పోతుంది.

మాస్టరుగారు వచ్చారు. ముందు నన్ను తిట్టారు. పడవలసిన తిట్లే కాబట్టి పడ్డాను. తర్వాత గ్రేసు వైపు తిరిగారు. అది గుండుని రెండు చేతులా గుండెకి హత్తుకుని, ఏడవకుండా అడిగింది.

"ఇది నా కాడుంటే అంత పెద్ద బండీ పోలేదా?"

ఆయన టోపీ సర్దుకున్నారు. "పోలేదు," అన్నారు.

"మరి తొందరగా ఎయ్యండి."

ఆయన గుండుతో సహా పిల్లని ఎత్తుకుని గదిలోకి పోయారు. వెనకే మేమూ, మా వెనక కోటయ్యా. గ్రేసు చేత్తోనే గుండుని యంత్రంలో వేయించారు. గంట మోగింది. అటుపక్క స్టేషనుతో గంటలతోనే ఏదో మాట్లాడి, పిడి తిప్పారు. కోడి గుడ్డు పెట్టినట్టు యంత్రం గుండొకటి కింద పడేసింది.

"ఇంకోటి పెట్టమను!" అన్నాడు దావీదు.

"పెట్టదురా. ఈ గుండు తిరిగొచ్చేదాకా చచ్చినా పెట్టదు," అన్నారు మాస్టరుగారు. ఆ తర్వాత ఆ గుండుని చక్రానికి కట్టి, గ్రేసు చేతిమీద తన చెయ్యివేసి, ఇద్దరూ కలిసి ఇంజను డ్రైవరుకి అందించారు. ఆయన చక్రం అందుకుని సలాం చేశాడు. సలాం మాస్టరుగారిక్కాదు.

బండి కదిలింది. గ్రేసు కిటికీ దగ్గర చేరి స్టేషను కనుమరుగయ్యేదాకా చూసింది. తర్వాత అడగటం మొదలుపెట్టింది.

"నాన్న బస్సుకి గుండుందా?"

"లేదు."

"మరి ఎదురు బస్సొస్తే?"

"హారను కొడతాడు."

ఆలోచించింది. "హారనొక్కటే చాలదు," అంది. నేను కిటికీ వైపు తిరిగి, కంట్లో నలుసు పడ్డట్టు కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మాచర్ల

మాచర్లలో పట్టాలు అయిపోతాయి. ఒక మట్టిదిబ్బ, దానిముందు అడ్డంగా రెండు దుంగలు, అంతే. దావీదుకి కోపం వచ్చింది. "మిగతాయి ఏయి?" అని నన్ను నిలదీశాడు, నేనే ఎక్కడో దాచినట్టు.

"పట్టాలు అయిపోతే ఏందిరా, నా ఎడ్లు ఇక్కణ్నించే మొదలు," అని కోటయ్య వాడి బుగ్గ గిల్లి సంతవైపు పోయాడు. ఆరోజు మాకు ఇంజన్ను మించిన వింత ఇంకొకటి కనిపించింది. అంత ఇంజనూ ఒక గుండ్రటి ఇనప పళ్ళెం మీదికెక్కి నిలబడింది. దాని మొహం మళ్ళీ గురజాల వైపు తిప్పటానికి నలుగురు మనుషులు ఆ పళ్ళేనికి భుజాలిచ్చి తోస్తున్నారు. డ్రైవరు మమ్మల్ని చూసి, "గుండు దొంగలొచ్చారు, జాగర్త!" అని కేకేశాడు.

దావీదు అడగకుండానే పోయి తన వీపు ఆనించి తొయ్యటం మొదలుపెట్టాడు. మెరక మీద బస్సు తోసేవాళ్ళని చూసిన అలవాటు. ఆ నలుగురూ వాడి ముందు కావాలనే ఆయాసపడ్డారు. ఇంజను తిరిగింది. వాడు చేతులు దులుపుకుని, "బరువుంది," అన్నాడు.

గ్రేసు తొయ్యలేదు. డ్రైవరు దగ్గర నిలబడి ఆరా తీస్తోంది.

"గుండేం జేశావ్?"

"ఇక్కడి మాస్టరుకి ఇచ్చేశానమ్మా."

"రసీదు తీసుకున్నావా?"

ఆయన నావంక చూసి దండం పెట్టాడు.

మళ్ళీ నరసరావుపేట

మర్నాడు ఇంటికి చేరేసరికి యాకోబు అరుగుమీద తయారుగా ఉన్నాడు. "ఆఁ, చెప్పండి. బస్సా, రైలా?"

"బస్సు!" అని దావీదు వాళ్ళ నాన్న మీదికి దూకాడు. "రైలు నేనే తిప్పాల్సొచ్చింది నాన్నా. దానికి రాదు."

గ్రేసు "ఆకలేస్తంది" అని లోపలికి పోయింది. అన్నం తింటూ సున్నం ఆమె గురించి చెప్పింది, మిరపకాయ పచ్చడి గురించి చెప్పింది, నాపరాళ్ళ గురించి చెప్పింది. రైలు మాట ఎత్తలేదు. యాకోబు మీసం దువ్వుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఉన్నమాట చెబుతున్నాను, ముసల్దానికి ఏడుపేమిటి అనుకోకండి. ఇన్ని పాట్లూ పడి మళ్ళీ ఒక్కదాన్నే ఆ బెంచీ దగ్గరికి పోవాలంటే కాళ్ళు రావు.

పొద్దున్నే యాకోబు విసుక్కుంటూ వచ్చాడు. "ఏం నేర్పావత్తా ఈ పిల్లకి? చిలకలూరిపేట రోడ్డులో ఎదురొచ్చే బస్సు సంగతి నీకు ముందే ఎట్టా తెలుసుద్దని నా ప్రాణం తీస్తంది." నాకు ఆశపడటానికీ భయమేసింది.

సాయంత్రం మోకాళ్ళకి ఆముదం రాసుకుని చాపమీద పడుకున్నాను. ఇవాళ పోలేననుకున్నాను. గ్రేసు వచ్చి నిలబడింది. తల దువ్వుకుని ఉంది. దావీదుకి లాగూ తిరగేసి తొడిగి, చెయ్యి పట్టుకుని ఉంది.

"లే అమ్మమ్మా. బండొచ్చే వేళయింది."

"మోకాళ్ళు నొప్పులే తల్లీ. రేపు పోదాం."

"రేపటి బండి రేపొస్తది. ఇయ్యాల్టిది పోద్ది గదా," అంది. నా చెప్పులు తెచ్చి చాప పక్కన పెట్టింది.

ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. మా ఎదురుగా ప్లాట్‌ఫారం అంచున గొడుగు పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. మాటలకోసమని వెనక్కి తిరిగి, "ఎవరొస్తన్నారమ్మా, చుట్టాలా?" అన్నాడు.

ఈ ప్రశ్నకి మూడేళ్ళుగా నా దగ్గర ఒక జవాబుంది. ఊరికే బండి చూట్టానికి వచ్చానంటే పిచ్చిదనుకుంటారని, మా అన్నయ్య కొడుకు వస్తానన్నాడండీ అని చెబుతాను. బండి పోయాక, రాలేదు పాపం అంటాను. ఆ మాట చెప్పబోయి నోరు తెరిచాను.

"ఎవురూ రావటంలా," అంది గ్రేసు. "మేం గూడా ఏడకీ పోవటంలా. బండిని చూట్టానికొచ్చాం. కాస్త పక్కకి జరుగు తాతా, సిగ్నలు కనపట్టంలా."